ఊరూ పేరూ చెప్పని సర్ఫ్‌బోర్డుకు బహిరంగ లేఖ

శ్రీయుత పాత సర్ఫ్‌బోర్డు గారికి,

విశాఖ లాసన్స్ బే కాలనీలో, తమరు ఆక్రమించిన మెట్ల పక్క నుంచి తమరి యజమాని రాసుకునే విన్నపం. తమరిని కొన్నప్పటి నుంచి వచ్చినవాళ్లంతా అడిగేది ఒక్కటే: “ఎక్కడిది? ఎవరు చేశారు?” పెళ్లిసంబంధానికి కూడా ఇన్ని ఆరాలు తియ్యరు.

తమరిని అమ్మినాయన మొదట ఆస్ట్రేలియా సరుకన్నాడు. బేరమాడితే కాలిఫోర్నియా అన్నాడు. ఇంకాస్త తగ్గించమంటే హుద్‌హుద్‌కి కొట్టుకొచ్చిందన్నాడు. 2014 అక్టోబరులో ఆ తుపాను మా ఊరి చెట్లని పట్టుకుపోయిందని తెలుసు గానీ, ఇలా సరుకు దింపి వెళ్లిందని ఇప్పుడే విన్నాను. ఊళ్లు మారాయి, ధర మాత్రం మారలేదు. ‘వింటేజ్’ అట. అంత పాతవి మా ఇంట్లోనూ ఉన్నాయి, వాటిని అటక మీద సామాన్లంటాం.

ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామిని చూడండి. 1969లో సోవియట్ యూనియన్‌లో మన నౌకాదళంలో చేరిందని, 2001లో రిటైరైందని ఎవరైనా చెప్తారు. యుద్ధానికి పుట్టిన దానికే లేని దాపరికం, ఏడడుగుల తమరికి ఎందుకండీ?

తమరి అడుగున చేపరెక్కలాంటి ఫిన్ ఒక్కటే. 1981లో ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్ మూడు ఫిన్ల బోర్డుతో పోటీలు గెలిచి ఫ్యాషన్ మార్చేశాడు కాబట్టి, తమరు అంతకుముందువారని మురిసిపోయాను. తీరా ఒంటి ఫిన్ బోర్డులు ఆ తర్వాతా చేస్తూనే ఉన్నారట. కాలికి కట్టుకునే తాడు కోసం తోక దగ్గర చిన్న గుంట ఉంది. ఆ తాడు వాడకంలోకి వచ్చింది 1970లలో. కానీ గుంటని తర్వాతెవరైనా తవ్వించి ఉండొచ్చు. తమరి తరఫు సాక్షులంతా ఇంతే, క్రాస్ ఎగ్జామినేషన్‌కి నిలబడరు.

పోనీ లోపలి ఫోమ్‌ని పట్టుకుందామా? గోర్డన్ క్లార్క్ 1961లో పెట్టిన క్లార్క్ ఫోమ్ కంపెనీ 2005 డిసెంబరులో హఠాత్తుగా మూతపడేదాకా, అమెరికాలో పోటీపడే బోర్డు కంపెనీల్లో చాలావరకు ఫోమ్ దిమ్మలు అక్కడే కొనేవి. పైన లేబుళ్లు కొట్టుకుంటాయి, లోపల మాత్రం అంతా ఒకే పొట్ట. పైగా లేబుల్ మీద పేరున్న పెద్దమనిషే తమరిని చెక్కాడని గ్యారంటీ లేదు. ఫ్యాక్టరీలో ఒకరు చెక్కుతారు, ఒకరు ఫైబర్‌గ్లాస్ బట్ట పరిచి రెజిన్ పోస్తారు, ఇంకొకరు సాన పడతారు. వీళ్లలో చెక్కినవాడు మాత్రం, గ్లాస్ వెయ్యకముందే, మధ్యనుండే చెక్కబద్ద పక్కన పెన్సిల్‌తో కొలతలో, నంబరో, సంతకమో రాసిపెడతాడు. తక్కినవాళ్ల పేర్లు సామాన్యంగా ఎక్కడా కనబడవు.

అందుకే తమరిని బోర్లా పడుకోబెట్టి సెల్లు టార్చి ఏటవాలుగా కొట్టాను. ముదురు పసుప్పచ్చకి తిరిగిన రెజిన్ కింద 7, చిన్న గీత, 2, అంటే ఏడడుగుల రెండంగుళాలు. పక్కన ఏదో అక్షరం తోక. సరిగ్గా సంతకం మొదలయ్యే చోట, అరచేయంత ఆకుపచ్చ ప్యాచ్! సాన కూడా సరిగ్గా పట్టలేదు, అంచున ఫైబర్‌గ్లాస్ మ్యాట్ పోగులు వేలికి గుచ్చుకుంటున్నాయి.

ఆ ఆకుపచ్చ మన ఫిషింగ్ హార్బర్‌లో చాలా బోట్ల మీద చూసిందే. అక్కడ ఫైబర్ బోట్లు బాగుచేసే పెద్దాయనకి తమరిని చూపిస్తే, ప్యాచ్ మీద గోటితో కొట్టి, “ఇది నా చేతి పనే గదా బాబూ” అన్నారు.

“దీని కింద సంతకమేమైనా ఉండేదా తాతా?”

“ఏవో పిచ్చిగీతలుంటే గీకీసి మ్యాట్ ఏసీసినాను.”

అంటే తమరి మీద చెయ్యి వేసినవాళ్లలో ఆచూకీ దొరికింది ఈయనొక్కరిదే, తక్కినవాళ్ల ఆచూకీ గీకేసిందీ ఈయనే! తమర్ని అప్పట్లో తెచ్చిన మనిషి ఎవరో ఆయనకి గుర్తులేదు. వాడు సగం డబ్బులు ఎగ్గొట్టాడని మాత్రం రూపాయితో సహా గుర్తుంది. “బోర్డు నీ కాడుంది గాబట్టి నువ్వే ఇయ్యాల” అన్నారు. ఇచ్చాను.

ఇట్లు,
తమరి పూర్వీకుల్ని వెతకబోయి బాకీలు తీరుస్తున్న యజమాని