‘వీళ్లు ఇక్కడ ఉండాల్సినవాళ్లు కాదు’ అనేవాళ్లకు

మన దగ్గర కొత్తగా పేరు తెచ్చుకుంటున్న హార్డ్‌కోర్ పంక్ (వేగంగా, మోతగా, అరుస్తూ పాడే రాక్ సంగీతం) బ్యాండ్ గురించి ఈ మధ్య ఎవరిని కదిలించినా ఒకటే పొగడ్త: ‘వీళ్లు ఇక్కడ ఉండాల్సినవాళ్లు కాదు, ఎక్కడో ఉండాలి.’ అనేవాళ్ల మనసు మంచిదే. వినేసరికి నాకు మాత్రం ఒళ్లు మండుతోంది. ఇక్కడ కాకపోతే ఎక్కడ ఉండాలి? వాళ్లకు కోపం తెప్పించిన మనుషులు ఇక్కడివాళ్లు. ఆ కోపాన్ని పాటలుగా విని, పల్లవి రాగానే మైకు మీదికి ఎగబడి అరిచేది మనం. అంత మంచి బ్యాండ్ మన మధ్య పుట్టిందంటే మనలోనూ ఏదో ఉందని ఎవరికీ తట్టదు. పొరపాటున ఇక్కడ పుట్టారనీ, తొందరగా పంపించేయాలనీ అనుకుంటాం.

బ్యాండ్ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఇది వాళ్ల ప్రచారం అనుకుంటారు, చర్చంతా వాళ్ల మీదికి మళ్లుతుంది. నా తగువు చూసేవాళ్లతో.

ముందు బ్యాండ్ గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే పొగిడేవాళ్లు కూడా ఏం బాగుందో చెప్పడం లేదు. నలుగురు మనుషులు, ఇరవై నిమిషాలు దాటని ప్రదర్శన. వేగంగా వాయించడం ఈ సంగీతంలో పెద్ద విద్యేమీ కాదు, ఆరు నెలలు గట్టిగా సాధన చేస్తే ఎవరికైనా వస్తుంది. వేగం పెరిగేకొద్దీ దెబ్బ పలచబడకుండా చూసుకోవడమే కష్టం. వీళ్ల డ్రమ్మర్‌కు అది వచ్చు. బ్రిటన్ బ్యాండ్ డిస్‌చార్జ్ పేరు మీద డీ-బీట్ అని స్థిరపడిన తాళం ఒకటుంది. చాలామంది దాన్ని పరుగెత్తించి చివరికి ఒట్టి చప్పుడుగా మిగులుస్తారు. ఈ అబ్బాయి వాయిస్తుంటే స్నేర్ డ్రమ్ మీద పడే ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తుంది, రెండో పాటకు ఎంత గట్టిగా ఉందో ఎనిమిదో పాటకూ అంతే. బేస్ వాయించే అమ్మాయి గిటార్ వెనక దాక్కోదు. తీగలను వేళ్లతో కాకుండా పిక్‌తో, తీగల కింది కొనను మోసే బ్రిడ్జికి దగ్గరగా కొడుతుంది. అందుకే నాసిరకం స్పీకర్లలోనూ ప్రతి స్వరం అంచుతో సహా తెలుస్తుంది. ఇక బ్రేక్‌డౌన్. వేగం సగానికి పడిపోయి గది మొత్తం ఊగే ఆ భాగం వస్తోందని చాలా బ్యాండ్‌లు ముందే చేతులు ఊపి చాటింపు వేస్తాయి. వీళ్లు ఒక్కసారిగా అంతా ఆపేస్తారు. ఓ క్షణం నిశ్శబ్దం. తర్వాత బేస్ ఒక్కటే వస్తుంది. ఎన్నిసార్లు విన్నా ఆ నిశ్శబ్దం ఎంతసేపో నాకు అంచనా దొరకలేదు, ప్రతిసారీ ముందే కదిలి నవ్వులపాలవుతాను.

లోపాలూ ఉన్నాయి. గాయని పాటల మధ్య మరీ ఎక్కువ మాట్లాడుతుంది. యాభై సెకన్ల పాటలో సూటిగా చెప్పేసిన విషయాన్ని, దానికి ముందు రెండు నిమిషాలు వివరిస్తే పాటకు మిగిలేదేమిటి? డెమో రికార్డింగ్‌లో డ్రమ్స్ అట్టపెట్టె మీద కొట్టినట్టున్నాయి. చివరి పాట అనవసరంగా పొడుగు. ఇవన్నీ వాళ్ల ముఖం మీదే చెప్పాను, విన్నారు, ఆ పొడుగు పాట మాత్రం మార్చలేదు. మంచిదే. ఎవరో చెప్పారని మార్చుకునే బ్యాండ్ అయితే నేను ఇంత రాసేవాణ్ని కాదు.

ఇక సలహాల సంగతి. నాలుగు పాటల డెమో వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే ఆల్బమ్ ఎప్పుడు, మేనేజర్ ఎవరు, పెద్ద ఉత్సవాల్లో ఎప్పుడు వాయిస్తారు అని అడుగుతున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈ సంగీతంలో ‘ఎదుగుదల’ అంటే ఏమిటో ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తుంది. వాషింగ్టన్ నగరానికి చెందిన మైనర్ థ్రెట్ 1980లో మొదలై 1983లో ముగిసింది. వాళ్లు బతికినన్నాళ్లూ విడుదల చేసిన పాటలన్నీ కలిపినా ఒక్క సీడీలో గంటలోపే అయిపోతాయి. నలభై ఏళ్లు దాటినా పిల్లలు గ్యారేజీల్లో వాయించడం నేర్చుకునేది ఆ పాటల మీదే. బాల్టిమోర్ బ్యాండ్ టర్న్‌స్టైల్‌ను చూపించి ‘చూడండి, హార్డ్‌కోర్ కూడా పెద్ద వేదికలకు ఎక్కింది’ అంటారు. నిజమే. 2010లో మొదలైన బ్యాండ్, ఆ సంగీతంతో సంబంధం లేనివాళ్లకు కూడా పేరు తెలిసేసరికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో చాలాకాలం వాళ్లు చిన్న గదుల్లోనే రాటుదేలారు. ఆ భాగాన్ని మాత్రం ఎవరూ ఉదాహరణగా చూపించరు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట గెలవడమంటే ఏమిటో చెప్పే కథ ఒకటుంది. మైనర్ థ్రెట్‌కు ముందు అందులోని ఇద్దరు, ఇయన్ మెకాయ్, జెఫ్ నెల్సన్, టీన్ ఐడిల్స్ అనే బ్యాండ్‌లో ఉండేవాళ్లు. అందరూ కుర్రాళ్లే. షోలలో వచ్చిన కాస్త డబ్బును పంచుకోకుండా ఒకచోట దాచారు. 1980లో బ్యాండ్ విడిపోయింది. దాచిన సొమ్ము ఏం చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, అప్పటికే లేని బ్యాండ్ పాటలతో ఒక చిన్న రికార్డు వేశారు. డిస్కార్డ్ రికార్డ్స్ అలా పుట్టింది. కవర్లు ముద్రించి ఇస్తే కత్తిరించడం, మడవడం, జిగురు పెట్టి అంటించడం అన్నీ వాళ్ల చేతుల మీదే. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ సంస్థ తమ ఊరి చుట్టుపక్కల బ్యాండ్‌లనే విడుదల చేస్తూ వచ్చింది. ‘మనం ఇక్కడ ఉండాల్సినవాళ్లం కాదు’ అని ఆ కుర్రాళ్లు అనుకుని ఉంటే ఆ కవర్లు ఎవరు అంటించేవారు?

నా దృష్టిలో స్థానిక బ్యాండ్‌ను తూచే కొలత వేరు. వాళ్లు ఎంత దూరం వెళ్లారని నేను అడగను. వాళ్ల ముందు నిలబడినవాళ్లలో ఎంతమంది ఇంటికెళ్లి గిటార్ పట్టారని అడుగుతాను. పంక్ గాయకుడు హెన్రీ రోలిన్స్ కథ ఈ సంగీతం వినేవాళ్లందరికీ తెలిసిందే అయినా మళ్లీ చెప్పక తప్పదు. ఐస్‌క్రీమ్ దుకాణంలో ఉద్యోగం, ఊళ్లో ఒక చిన్న బ్యాండ్. 1981లో న్యూయార్క్‌లో కాలిఫోర్నియా బ్యాండ్ బ్లాక్ ఫ్లాగ్ వాయిస్తుంటే ప్రేక్షకుడిగా వెళ్లి, వేదిక ఎక్కి ఒక పాట పాడాడు. కొన్నాళ్లకే ఆ బ్యాండ్ గాయకుడయ్యాడు. వేదికకూ నేలకూ మధ్య ఎత్తు అంత తక్కువగా ఉన్న సంగీతం ఇంకొకటి నేను చూడలేదు. మన బ్యాండ్ పుణ్యమా అని ఇప్పటికే రెండు కొత్త బ్యాండ్‌లు పుట్టాయి. ఒకటి ఘోరంగా వాయిస్తుంది, రెండోది అంతకన్నా ఘోరం. నాకు ఇంత సంతోషం కలిగించిన వార్త ఈ మధ్యకాలంలో లేదు.

అసలు కొరత ప్రతిభకు లేదు, చోటుకు ఉంది. వాయించనిచ్చే గది, పద్దెనిమిది నిండనివాళ్లను రానిచ్చే గది, పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే నిలబడి మాట్లాడే మనిషి ఉన్న గది. ఈ సంగీతం చరిత్రంతా గదుల చరిత్రే. టీన్ ఐడిల్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో వాయించడానికి వెళ్లినప్పుడు, వయసు తక్కువని లోపలికి రానివ్వాలా వద్దా అన్న తగవు వచ్చింది. మద్యం అమ్మకూడదని తెలిసేలా చేతుల వెనక పెద్ద ఎక్స్ గుర్తు వేసి పంపారు. ఆ ఉపాయాన్ని వాళ్లు సొంత ఊరికి తెచ్చి అక్కడి క్లబ్‌ను ఒప్పించారు. ఈనాడు పచ్చబొట్టుగా వేయించుకుంటున్న ఆ గుర్తు, పిల్లల్ని గదిలోకి రానివ్వడానికి కుదిరిన ఒప్పందం. న్యూయార్క్‌లో సీబీజీబీ అనే క్లబ్ ఆదివారం మధ్యాహ్నాల్లో షోలు పెట్టింది, బడి పిల్లలూ రాగలిగారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 924 గిల్మన్ అనే క్లబ్ 1986 డిసెంబరు 31న తెరుచుకుంది. మద్యం లేదు, మత్తుమందులు లేవు, కొట్లాటలు లేవు, జాతి వివక్ష లేదు. టికెట్లు చింపడం దగ్గర్నుంచి తుడవడం దాకా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే చేశారు. ‘మన దగ్గర ఈ సంగీతానికి వాతావరణమే లేదు’ అని మూలిగేవాళ్లలో ఒక్కరైనా షో అయ్యాక చీపురు పట్టారా అని అడగాలనిపిస్తుంది.

చోటును పాడుచేసేది కూడా మనమే. వేదిక ముందు జనం ఎగిరే పిట్‌లో తోసుకోవడం, పరుగెత్తడం, పైనుంచి దూకడం ఇవన్నీ ఉండాల్సిందే, నేనేమీ కుర్చీలు వేయమనడం లేదు. పడినవాణ్ని వెంటనే లేపడం ఆ ఆటలో మొదటి నియమం. అంచున నిలబడి చూస్తున్నవాళ్ల మీదికి పిడికిళ్లు విసరడం ఆ నియమంలో ఎక్కడా లేదు. గత కొన్ని షోలుగా కండలు తిరిగిన అయిదారుగురు ముందు భాగాన్ని కబ్జా చేశారు. మొదట్లో ముందు వరుసలో ఉండి పాడిన అమ్మాయిలు ఇప్పుడు వెనక గోడకు ఆనుకుని నిలబడుతున్నారు. వాయించేది మన బ్యాండే, బేస్ వాయించేదీ పాడేదీ ఆడవాళ్లే, వాళ్ల ముందు నిలబడే ధైర్యం మాత్రం ఆడపిల్లలకు లేకుండా చేశాం. మెకాయ్ తర్వాత పెట్టిన బ్యాండ్‌లలో ఒకటైన ఫుగాజీ ఇలాంటివాళ్లు కనిపిస్తే పాట ఆపేసి, పిలిచి, టికెట్ డబ్బు తిరిగిచ్చి బయటికి పంపేది. టికెట్ 5 డాలర్లు దాటకుండా చూసుకోవడానికి నానా తంటాలూ పడిన బ్యాండ్ అది, అయినా ఆ డబ్బు తిరిగివ్వడానికి వెనకాడలేదు. మన గాయని ఇంత మాట్లాడుతుంది కదా, ఆ మాటల్లో కొన్ని అటువైపు విసిరితే బాగుండును.

రేపు ఈ బ్యాండ్ నిజంగానే పెద్దదైందనుకోండి. ఇప్పుడు ‘ఎక్కడో ఉండాలి’ అంటున్నవాళ్లే అప్పుడు ‘అమ్ముడుపోయారు’ అంటారని పందెం కాస్తాను. గిల్మన్‌లో పెరిగిన గ్రీన్ డే బ్యాండ్ పెద్ద రికార్డింగ్ సంస్థతో ఒప్పందం చేసుకున్నాక అక్కడ వాయించడానికి వీల్లేకపోయింది, ఎందుకంటే పెద్ద సంస్థల బ్యాండ్‌లకు చోటివ్వకూడదన్నది అప్పట్లో ఆ గది నియమం. ఆ నియమం నాకు అర్థమవుతుంది. అది గదిని కాపాడుకోవడానికి పెట్టుకున్నది, రాత్రింబవళ్లు ఆ గదిని నడిపినవాళ్లు పెట్టుకున్నది. 2015లో ఒక సహాయార్థ కచేరీ కోసం ఆ బ్యాండ్ మళ్లీ అక్కడే వాయించింది కూడా. గదికి ఒక్క పూట పనిచేయనివాళ్లు తీర్పులు చెబితేనే నాకు చిరాకు. అద్దె కట్టుకోవాల్సిన నలుగురు మనుషులు ఏ ఉత్సవంలో వాయించాలో వాళ్లే తేల్చుకుంటారు.

మీరు తేల్చుకోవాల్సినవి చాలా చిన్నవి. ‘పేరు లిస్టులో పెట్టించండి, ఊరికే వస్తాం’ అని గాయనికి సందేశాలు పంపుతున్నారు. అదే రాత్రి వ్యాను కిరాయి నలుగురూ చందాలు వేసుకుని కట్టారు. ఇంకొందరు సరిగ్గా మూడో బ్యాండ్ సమయానికి వచ్చి, రెండు పాటలు ఫోనులో చిత్రీకరించుకుని వెళ్లిపోతారు. ముందు వాయించిన కుర్రాళ్లు ఖాళీ గదికి వాయించి, తమ డ్రమ్ కిట్‌నే తర్వాతివాళ్లకు అరువిచ్చి, చివరిదాకా నిలబడి చూశారు. అన్నట్టు చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి. అమెరికా పరిశోధన సంస్థ నియోష్ లెక్కలో 100 డెసిబెల్స్ దగ్గర రోజుకు 15 నిమిషాలే భద్రం, మన గదుల్లో మోత అంతకన్నా తక్కువ ఉంటుందని నేను నమ్మను. చెవులు పోయాక స్నేర్ దెబ్బ గురించి ఎవరితో మాట్లాడాలి నేను?

వచ్చే షోలో మొదట వాయించేది ఆ ‘అంతకన్నా ఘోరం’ అన్న బ్యాండ్. గిటార్ పట్టిన అమ్మాయికి పదహారేళ్లు, గిటార్ మోత పెంచే ఆంప్ (యాంప్లిఫయర్) ఇంకా దొరకలేదు. ఎవరి దగ్గరైనా పనిచేసేది ఉంటే తీసుకురండి. గుమ్మం దగ్గర టికెట్లు చూసే మనిషి కూడా కావాలి. మొదటి గంట నేను కూర్చుంటాను, రెండో గంటకు ఎవరైనా రావాలి, ఎందుకంటే ఆ బ్రేక్‌డౌన్ నేను వదులుకోను.