మానాల్సింది పొద్దుటి టిఫినా, రాత్రి అన్నమా?

రోజులో కొన్ని గంటలే తిని మిగతా టైమంతా కడుపు ఖాళీగా ఉంచే ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్‌తో బరువు తగ్గుతారా అంటే తగ్గుతారు, అందులో డౌటేం లేదు. ఎంత తగ్గుతారు, దేనివల్ల తగ్గుతారు, మన హన్మకొండ, కాజీపేటల్లో ఇప్పుడు జనం చేస్తున్న తీరులో చేస్తే తగ్గుతారా అన్నదే అసలు లొల్లి. పద్ధతిలో తప్పు లేదు గానీ మనవాళ్లు మానుతున్న పూట తప్పు అని నా అభిప్రాయం.

పొద్దున ఆరింటికి భద్రకాళి బండ్ మీదకో, సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కో వెళ్లి చూడండి. నాలుగు రౌండ్లు కొట్టి చాయ్ బండి దగ్గర ఆగిన గుంపులో ఒకరైనా "నాకొద్దు తమ్మీ, పన్నెండు దాకా ఏం ముట్ట" అంటారు. పక్కనాయన "నేనూ ఫాస్టింగే, చాయ్ ఒక్కటి తాగుత అంతే" అంటాడు. పాలు, రెండు చెంచాల పంచదార పోసిన ఆ ఒక్క చాయ్ 80 నుంచి 100 కేలరీలు, పదింటికి ఆఫీసులో ఇంకోటి, దాంతో ఉపవాసం ఎక్కడ ఉందో ఆయనకే తెలియాలి. ఏడెనిమిదేళ్ల కింద వీరమాచనేని రామకృష్ణ డైట్ ఊపులో ఇదే గ్రౌండ్లలో కొబ్బరినూనె, నిమ్మకాయల లెక్కలు నడిచేవి. ఆ డైట్‌కు అన్నం మానాలి, నూనె కొనాలి, ఇంట్లో వాళ్లకు వేరే, మనకు వేరే వండాలి. ఫాస్టింగ్‌కు కొనేది లేదు, వండేది లేదు, పైగా ఒక పూట ఖర్చు మిగులుతుంది. బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది, దాని నెల ఖర్చు విన్నాక పైసా పడని ఈ పద్ధతికి ఇంకా గిరాకీ పెరిగితే ఆశ్చర్యం లేదు.

ఎక్కువమంది చేసేది పదహారు గంటలు ఖాళీ కడుపు, ఎనిమిది గంటల్లో తిండి, అది కూడా మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా. సరిగ్గా ఇదే టైమింగ్‌తో అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు 116 మంది మీద 12 వారాల ప్రయోగం చేసి 2020లో ఫలితాలు ప్రచురించారు. సగం మందిని పన్నెండు నుంచి ఎనిమిది మధ్యే తినమన్నారు, మిగతావాళ్లను రోజుకు మూడు పూటలా తినమన్నారు. ఎంత తినాలో, ఏం తినాలో ఎవరికీ చెప్పలేదు. ఫాస్టింగ్ వాళ్లు సగటున 0.94 కిలోలు తగ్గారు, మూడు పూటలా తిన్నవాళ్లు 0.68 కిలోలు తగ్గారు. గణాంకాల లెక్కలో ఆ తేడా తేడానే కాదు.

ఇక్కడితో ఆగితే ఫాస్టింగ్ దండగ అని రాసి పడుకోవచ్చు. కానీ 2023లో షికాగోలో 90 మంది మీద ఏడాది పాటు జరిగిన ప్రయోగం ఫలితాలు వచ్చాయి, మొదటి ఆరు నెలలు వేళలు మళ్లీ అవే, పన్నెండు నుంచి ఎనిమిది. అందులో మామూలుగా తిన్నవాళ్లతో పోలిస్తే ఫాస్టింగ్ గ్రూపు దాదాపు నాలుగున్నర కిలోలు తగ్గింది, కేలరీలు లెక్కపెట్టుకుంటూ తిన్న గ్రూపు అయిదుంపావు కిలోలు దాటి తగ్గింది, రెండిటికీ పెద్ద తేడా లేదు. ఒకే వేళలు పాటిస్తే ఒకచోట దాదాపు సున్నా, ఇంకోచోట నాలుగున్నర కిలోలు ఎలా వచ్చాయి? షికాగో వాళ్ల తిండి రోజుకు దాదాపు 400 కేలరీలు తగ్గింది, వాళ్లతో డైటీషియన్లు మాట్లాడుతూ ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లకు గడియారం తప్ప ఇంకేం ఇవ్వలేదు. నా మటుకు మొత్తం చర్చకు జవాబు ఈ రెండు ప్రయోగాల మధ్యనే ఉంది. గడియారం కొవ్వు కరిగించదు, తినే టైం తగ్గడం వల్ల ఏదైనా పళ్లెంలోంచి మాయమైతేనే బరువు దిగుతుంది. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది మీద ఏడాది చేసిన ప్రయోగమూ ఇదే మాట చెప్పింది. అక్కడ రెండు గ్రూపులకూ కేలరీలు ఒకేలా తగ్గించి, ఒక గ్రూపుకు మాత్రం పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా అని వేళ పెట్టారు. వేళ పెట్టినవాళ్లు ఎనిమిది కిలోలు, మిగతావాళ్లు ఆరు కిలోల పైచిలుకు తగ్గారు గానీ ఆ తేడాను కూడా లెక్కలోకి తీసుకునేంత గట్టిదిగా పరిశోధకులు చూపించలేకపోయారు.

మరి మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గానని వాట్సాప్‌లో వెయింగ్ మెషీన్ ఫొటో పెట్టే బావగారి సంగతేంటి? ఆయన అబద్ధం చెప్పట్లేదు. కాలేయంలో, కండరాల్లో శరీరం దాచుకునే గ్లైకోజెన్ ఒక్కో గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీళ్లు పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ముందు ఖర్చయ్యేది అదే, దాంతోపాటు నీళ్లూ పోతాయి, కొవ్వు వంతు తర్వాత. ఆదివారం దావత్‌లో మటన్, బగారా అన్నం తిన్నాక సోమవారం పొద్దుటికి కిలో తిరిగి ఎక్కడానికి కారణమూ చాలావరకు అదే నీరు. ఇక కణాలు తమలోని పాత, పాడైన భాగాలను తామే కరిగించుకునే ఆటోఫజీ అనే మాట పట్టుకుని, పదహారు గంటలు దాటగానే ఒంట్లో చెత్తంతా ఊడ్చుకుపోతుందని చెప్పే యూట్యూబ్ డాక్టర్ల గురించి ఒక్క మాట. ఆటోఫజీ మీద 2016లో నోబెల్ వచ్చిన యొషినోరి ఒసుమి ఆ పని చేసింది ఈస్ట్ కణాల మీద. మనిషికి సరిగ్గా ఏ గంటకు మొదలవుతుందో చెప్పే మీటర్ ఎవరి దగ్గరా లేదు.

ఇప్పుడు మన పళ్లెం దగ్గరికి వద్దాం. పొద్దున మానేసింది నాలుగు ఇడ్లీలు, చట్నీ అనుకుందాం, మొత్తం కలిపి 300 కేలరీల లోపే. ఒంటిగంటకు ఆకలి మీద అన్నం ముందు కూర్చుంటే రోజూ పెట్టుకునే దానికంటే రెండు గరిటెలు ఎక్కువ పడతాయి, అది మనిషి స్వభావం. వండిన అన్నం వంద గ్రాములకు 130 కేలరీలు, పెద్ద గరిటెలు రెండంటే 200 గ్రాములకు తక్కువ ఉండదు, అంటే 260 కేలరీలు, దాని మీద ఇంకో గరిటెడు పప్పు, చెంచా నెయ్యి. అక్కడే లెక్క సరి. సాయంత్రం ఐదింటికి మిర్చీలు, గారెలు, ఏడున్నర దాటితే "విండో బంద్ అయితది" అన్న తొందరలో ఇంకో రౌండు. ఇలా చేసేవాళ్లు రెండు నెలల తర్వాత ఫాస్టింగ్ మోసం అంటారు.

అసలు ఒక విషయం ఎవరూ మాట్లాడరు. మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఈ ఫాస్టింగ్ ఏళ్ల తరబడి చేస్తూనే ఉన్నారు, ఎవరూ పేరు పెట్టలేదు అంతే. పొద్దున ఐదింటికి లేచి, పిల్లల బాక్సులు కట్టి, మొగుణ్ని డ్యూటీకి పంపి, అత్తమ్మకు మాత్రలిచ్చి, బట్టలేసి, తను తినేసరికి పదకొండు. పదమూడు గంటల ఖాళీ కడుపు రోజూ ఉంటుంది. మరి వాళ్ల బరువు ఎందుకు తగ్గలేదు? మధ్యలో మూడు చాయ్‌లు, మిగిలింది పారేయలేక తిన్న పిల్లల ఉప్మా, రాత్రి అందరూ తిన్నాక పదింటికి తన అన్నం. శనివారం ఒక్కపొద్దులూ అంతే, పగలంతా నిష్ఠగానే ఉంటారు, రాత్రి పలహారం పేరుతో గోధుమరవ్వ ఉప్మా, చపాతీలు, అరటిపండ్లు కలిపి చూస్తే మామూలు భోజనం కంటే తక్కువేం కాదు. రంజాన్ ఉపవాసాల మీద చాలా దేశాల్లో అధ్యయనాలు జరిగాయి, నెలలో కొద్దిగా తగ్గుతారు, కొన్ని వారాల్లో చాలామందికి తిరిగి వచ్చేస్తుంది. ఉపవాసం దేవుడి కోసం చేసేవాళ్లకు ఈ లెక్కతో పని లేదు, అది వేరే సంగతి. బరువు కోసం చేసేవాళ్లు మాత్రం ఈ అనుభవం మన చుట్టూనే ఉందని గుర్తించాలి.

ఏ పూట మానాలి అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. అమెరికాలో జరిగిన ఒక చిన్న ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి, షుగర్ అంచున ఉన్న ఎనిమిది మంది మగవాళ్లే అందులో ఉన్నారు, ఆరు గంటల్లో తిండి పూర్తి చేసి మధ్యాహ్నం మూడు లోపే ఆఖరి భోజనం ముగించేవాళ్లు. బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు, బీపీ మెరుగుపడ్డాయి. అక్కడి అలబామా యూనివర్సిటీ వాళ్లు 90 మందితో చేసి 2022లో ప్రచురించిన ఇంకో ప్రయోగంలో పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు దాకా తిన్నవాళ్లు, రోజులో పన్నెండు గంటలు దాటిన వ్యవధిలో తిన్నవాళ్ల కంటే రెండు కిలోల పైన ఎక్కువ తగ్గారు. గ్వాంగ్‌జౌలో కూడా పొద్దుటి వేళలే పెట్టినా గట్టి తేడా తేలలేదు కాబట్టి ఇది తేలిపోయిన సంగతని నేను అనను, కానీ పొద్దుటి తిండి కంటే పొద్దుపోయాక తిన్న తిండితో షుగర్ ఎక్కువ పెరుగుతుందన్నది మాత్రం గట్టి విషయమే.

మన దగ్గర జరుగుతున్నది దీనికి పూర్తిగా ఉల్టా. చౌరస్తాలో బట్టల షాపు కట్టేసి ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర, స్నానం, టీవీ, పదింటికి పళ్లెం నిండా అన్నం, పదిన్నరకు మంచం. మానాల్సిన పూట ఇది, కనీసం సగం చేయాల్సిన పూట ఇది. టిఫిన్ మానడం తేలిక, ఎవరికీ చెప్పక్కర్లేదు. రాత్రి తినను అంటే ఇంటిల్లిపాదితో పంచాయితీ, "నీకోసమే చేసిన, జెర్రంత తిను" అనే అమ్మతో పంచాయితీ, పెళ్లిళ్ల సీజన్లో అయితే చుట్టాలందరితోనూ పంచాయితీ. అందుకే అందరూ పొద్దుటి పూట మీదే పడుతున్నారు, దానికి సైన్స్‌తో సంబంధం లేదు.

మూడింటికే తిండి బంద్ పెట్టమని నేనూ చెప్పను, ఆ బతుకు మనది కాదు. రాత్రి ఏడున్నరకు రెండు జొన్నరొట్టెలు, కూర తిని, షాపులో ఉండేవాళ్లయితే బాక్సు అక్కడికే తెప్పించుకుని, మళ్లీ పొద్దున ఎనిమిదింటి దాకా మంచినీళ్లు తప్ప ఏం ముట్టకపోతే పన్నెండు గంటలు దాటుతుంది. పదహారు గంటల గొప్ప ఇందులో లేదు గానీ, టీవీ ముందు మిక్చర్, పది గంటల అన్నం, పడుకునే ముందు స్వీటు పోతాయి, పోవాల్సినవి అవే.

కండ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అన్నం ఎక్కువ, పప్పు తక్కువ తినే మనకు ఇది పెద్ద ప్రమాదం. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రయోగంలో కొందరిని ల్యాబ్‌కు పిలిచి స్కాన్ చేస్తే, ఫాస్టింగ్ వాళ్లు పోగొట్టుకున్న బరువులో దాదాపు మూడింట రెండొంతులు కొవ్వు కాని బరువు, అందులో కండ కూడా ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి, 70 కిలోల మనిషికి దాదాపు 58 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది, మనం పోసుకునే పలచని పప్పుచారులో ఎంతుంటుందో గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. మూడు పూటల్లోనే అందనిది రెండు పూటల్లో ఎట్లా అందుతుంది? గుడ్లు, ముద్దపప్పు, పెరుగు, శనగలు, చికెన్, ఏదో ఒకటి పెంచకుండా పూట మానితే మెషీన్ మీద అంకె తగ్గి, మెట్లెక్కితే కాళ్లు వణుకుతాయి.

షుగర్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం పక్కింటాయన మాట విని మొదలుపెట్టొద్దు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో పది కోట్ల మందికి మధుమేహం ఉంది కాబట్టి ఇదేం చిన్న గుంపు కాదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని తిండి మానితే, ఇన్సులిన్ తీసుకుని తిండి మానితే, షుగర్ పడిపోయి బండి మీదే కళ్లు తిరుగుతాయి. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలతో ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది, షుగర్ నార్మల్‌గానే కనిపిస్తున్నా రక్తాన్ని ఆమ్లంగా మార్చే కీటోన్లు పెరగొచ్చు. మందు మోతాదు మార్చేది డాక్టరే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలకు ఇది అసలే వద్దు. 2024లో "ఎనిమిది గంటల్లో తింటే గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 91 శాతం ఎక్కువ" అని వార్తలు గుప్పుమన్నాయి, అది చూసి భయపడిన వాళ్లకు ఒక మాట: అందులో మనుషులను అడిగింది రెండు రోజుల తిండి వివరాలే, వాళ్లు కావాలని ఉపవాసం చేశారో, రోగంతో తినలేకపోయారో తేలని లెక్క అది.

ఏనుమాముల మార్కెట్లో పొద్దుటి నుంచి బస్తాలు మోసే హమాలీకి ఈ చర్చతో సంబంధం లేదు, ఆయన తినాలి. చిక్కల్లా గోదావరిఖని, భూపాలపల్లిలో రాత్రి షిఫ్టు చేసే సింగరేణి వాళ్లది. వాళ్లకు ఏది పగలో ఏది రాత్రో వారం వారం మారుతుంది. అమెరికాలో 19 మందిని ల్యాబ్‌లో ఉంచి, నైట్ డ్యూటీలా నిద్ర వేళలు తారుమారు చేసి చూసిన ప్రయోగం ఒకటి 2021లో వచ్చింది. రాత్రి కూడా తిన్నవాళ్లకు షుగర్ 6.4 శాతం పెరిగింది, పగలే తిన్నవాళ్లకు పెరగలేదు. కాబట్టి నైట్ డ్యూటీ ఉన్నప్పుడు కడుపునిండా తినేది డ్యూటీకి పోకముందే ఇంట్లో తిని, అర్ధరాత్రి రెండింటికి విప్పే బాక్సులో అన్నానికి బదులు రెండు ఉడికించిన గుడ్లో, గుప్పెడు పల్లీలో పెట్టుకుంటే మేలు. బరువు పని చేసేవాళ్లు పూర్తిగా ఖాళీ కడుపుతో ఉండొద్దు, గని లోపల కళ్లు తిరిగితే పక్కవాళ్లకూ ప్రమాదమే.