సిలికాన్ మహాత్మ్యం

బెంగళూరు సర్జాపూర్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో కాపురముండే మన తెలుగు ఇంజనీర్లు కొందరు ఈ మధ్య బేస్‌మెంట్లలో సొంతంగా కార్లు బిగిస్తున్నారు. మంచిదే, స్టాక్ మార్కెట్ గురించి మాట్లాడ్డం కంటే నయం. 1957లో లోటస్ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు వచ్చినప్పుడు బ్రిటన్‌లో జనం దాన్ని విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకున్నారు, కొనుగోలు పన్ను తప్పుతుందని. మనవాళ్లు పన్నులన్నీ కట్టి మరీ దాని నకలు తయారుచేసి, నంబరు ప్లేటు రాదని తెలిసి, క్లబ్‌హౌస్ దాకా నడుపుకుని వెనక్కి వస్తారు. అది వాళ్ల ముచ్చట. నా పేచీ అంతా ఆ సిలికాన్ ట్యూబుతోనే.

సింకు చుట్టూ పూస్తారే, తెల్లగా, వెనిగర్ కంపు కొడుతూ, అదే. రెండు ప్యానెళ్ల మధ్య సందు కనబడితే చాలు, గన్ను బయటికొస్తుంది. మడ్‌గార్డు దగ్గర సందా? కొట్టు సిలికాన్. ముందు ముక్కు సరిగ్గా కూర్చోలేదా? అక్కడో రెండు వరసలు కొట్టు. ఆపైన వేలు నోట్లో పెట్టుకుని తడిపి, దాంతో నున్నగా లాగడం. ఆ రుచి ఎలా ఉంటుందో అడిగే ధైర్యం నాకు లేదు.

సందు అనేది పనివాడి చేతగానితనం వల్లే వస్తుందని వీళ్ల గట్టి నమ్మకం. మీటరు పొడవున్న అల్యూమినియం రేకు 40 డిగ్రీల వేడి ఎక్కితే దాదాపు 0.9 మిల్లీమీటరు సాగుతుంది. దాని కిందున్న ఇనప ఫ్రేము అందులో సగమే సాగుతుంది. ఏప్రిల్ ఎండలో నిలబెట్టిన రేకుకి 40 డిగ్రీలు ఎక్కడం పెద్ద పనేం కాదు. ఈ లెక్క సెకండియర్‌లో చేసి, మార్కులు తెచ్చుకుని, వాటిమీద ఉద్యోగం సంపాదించినవాళ్లే ఇప్పుడు రేకు కదలడానికి దారి లేకుండా పూస్తున్నారు. పైగా ఆ వెనిగర్ కంపు ఊరికే రావడం లేదు. ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, రేకుని తుప్పు పట్టిస్తుంది.

హిందూపురం నుంచి వచ్చిన పెయింటర్ ఒకాయన వీళ్లలో ఒకడి కారుమీది ఆ పూతని గోటితో గీకి చూశాడు. "సామీ, దీనిమీద పెయింటు పట్టదు. కొడితే చేపకళ్ల మాదిరి గుంటలు పడతాయి" అన్నాడు. "పడవు, వీడియోలో చూశాను" అన్నాడు మనవాడు. పెయింటర్ మారుమాట్లాడకుండా స్ప్రే గన్ను సంచిలో పెట్టుకుని మెట్రో ఎక్కేశాడు. కదలని అతుకులకి పాలీయురెథేన్ సీలెంట్ అని సందులు పూడ్చే వేరే రకం పేస్టు ఉంది, దానిమీద రంగు నిలుస్తుంది. రేకుకీ ఫ్రేముకీ మధ్య బ్యూటైల్ టేపు అనే మెత్తటి జిగురు పట్టీ, బానెట్ అంచుకి రబ్బరు బీడింగు. జె.సి. రోడ్డులో ఓ పూట తిరిగితే దొరికే సరుకే. కానీ తిరగాలి కదా. సిలికాన్ అయితే పది నిమిషాల్లో ఇంటికే వస్తుంది.

ఇక వాటర్ టెస్టు. ఆదివారం పొద్దున, వాట్సాప్ గ్రూపులో అందరికీ పిలుపు, కారు ముందు కొబ్బరికాయ. ట్యాంకర్ నీళ్లు వృథా అవుతాయని సెక్రటరీ గారు అభ్యంతరం చెబితే, ఇది ఇంజనీరింగ్ వ్యవహారమని నచ్చజెప్పారు. పైపు పట్టి కారంతా తడిపారు. ఈ బండికి పైకప్పే లేదన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు. మనవాడు టార్చి పట్టుకుని నేలమీద పడుకుని కిందంతా వెతికాడు. లేచి, చేతులు దులుపుకుని ప్రకటించాడు: "ఒక్క చుక్క లీకు లేదు!" చప్పట్లు. నిజమే, లేదు. ఫ్లోరు రేకులో నీళ్లు పోవడానికి వదిలిన కన్నాలు కూడా సందులేననుకుని ముందురోజు రాత్రే పూడ్చేశాడు. నీళ్లు పెడళ్లు దాటి సీటు అంచుకి వచ్చాయి. పక్క ఫ్లాటులో దిగిన గుంటూరు పెద్దాయన కాసేపు తేరిపార చూసి, "బాబూ, నీళ్లు లోపలికి రాకూడదనా, బయటికి పోకూడదనా?" అని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఈలోగా పిల్లలు కాగితం పడవలు తెచ్చారు. మనవాడి భార్య ఇంట్లోంచి మగ్గు, బకెట్టు పంపింది, ఆవిడ మాత్రం కిందికి రాలేదు. తోడిన నీళ్లు క్రోటన్ మొక్కలకి పోయించి సెక్రటరీ గారు తన పంతం నెగ్గించుకున్నారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. తడిసేది ప్యాంటే.

నీళ్లు తోడేటప్పుడు డ్యాష్‌బోర్డు కిందికి వంగి చూశాను. ఇంజనుకీ కాళ్లకీ మధ్య ఉండే రేకులో, వైర్ల కట్ట దూరడానికి కోసిన కన్నం ఉంది. నా బొటనవేలు దూరుతుంది. కన్నం అంచుకి తొడిగే రబ్బరు రింగు, అదే గ్రోమెట్, లేదు, సీలెంట్ లేదు. కోసిన రేకు అంచు పచ్చిగా, కత్తిలా, నేరుగా వైర్లమీద. బండి అదురుకి ఆ తొడుగు తెగడానికి ఎన్నాళ్లు పడుతుంది? పొగగొట్టం అతుకు కాస్త లీకయితే ఆ గాలి ఎటు పోతుంది? కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు. రక్తంలో హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలాడని బేస్‌మెంటులో, ఇంజను ఆన్ చేసి, చంటిపిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని సెల్ఫీ దిగాడు ఈ మహానుభావుడు! మడ్‌గార్డు పక్కన దారమంత సందుకి మూడు ట్యూబులు ఒంపిన చేతికి, మనిషి ప్రాణం మీదికి తెచ్చే కన్నంలో ఓ రబ్బరు ముక్క దూర్చడానికి తీరిక లేకపోయిందా? బుద్ధుండక్కర్లేదా? పిల్లని దింపమని అరిచాను. నలుగురూ నావైపు చూశారు. చూడనీ.

"అది డ్యాష్‌బోర్డు వెనకాల కదన్నా, ఎవరికి కనిపిస్తుంది?" అన్నాడు, ఎంతో ఓపిగ్గా, నాకేదో అర్థం కాలేదన్నట్టు.

ప్రస్తుతం అతని దృష్టి బానెట్ మీద పడింది. ఇంజను వేడి బయటికి పోవడానికి అందులో వరసగా చీలికలు కోసి ఉంటాయి. వాటిలోంచి దుమ్ము పడుతోందట. వచ్చే ఆదివారం వాటికి ముహూర్తం పెట్టారు. ఈసారి నల్ల సిలికాన్, మ్యాచింగ్ కోసం.