నీళ్ల గండం

జోస్యం చెప్పేవాళ్లు సంగతి చెబుతారు గానీ అడ్రసు చెప్పరు. ఆకాశవాణి ఒక్కటే పద్ధతిగా చెప్పింది: దేవకి ఎనిమిదో గర్భమని. అంత వివరంగా చెప్పినా కంసుడు చేసుకోగలిగిందేమీ లేదనుకోండి, అది వేరే సంగతి.

నెల్లూరులో మా మామయ్యకు తగిలింది అడ్రసు లేని రకం. మొహర్రం నెలలో ఒక తెల్లవారుజామున బుడబుక్కలాయన గేటు ముందు నిలబడి, "అంబ పలుకు, జగదంబ పలుకు" అంటూ డమరుకం వాయించి, "ఇంటి యజమానికి నీళ్ల గండం" అనేశాడు. పాత చొక్కా ఇస్తే తప్పుతుందట. మామయ్య రిటైరైన సోషల్ మాస్టారు. చొక్కా ఇవ్వలేదు, క్లాసు పీకాడు.

అత్తయ్యకు టెన్షన్ పట్టుకుంది. మైపాడు బీచి ప్రయాణం రద్దు. పెన్న వైపు వాకింగ్ బంద్. అసలు చిక్కు రొట్టెల పండగతో వచ్చింది. పోయినేడు బారాషహీద్ దర్గా దగ్గర సొంతింటి రొట్టె పట్టింది మామయ్యే. ఇల్లయింది కాబట్టి, ఈసారి ఆయన స్వర్ణాల చెరువులో దిగి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. "చెరువులోకా! మీరు యాడికీ కదలబాకండి" అని రొట్టెలు మూటగట్టుకుని అత్తయ్యే వెళ్లింది.

ఇంట్లో భద్రంగా మిగిలిన మామయ్య ట్యాంకుకు మోటారు వేశాడు. అంతలో పక్కింటాయన "గండమంట గదా సార్" అని పరామర్శకొచ్చి దొరికిపోయాడు. మామయ్య క్రీసస్ కథ ఎత్తుకున్నాడు. లిడియా రాజు క్రీసస్ పర్షియా మీదికి యుద్ధానికి పోవచ్చునా అని గ్రీకుల జోస్యాల గుడి డెల్ఫీలో అడిగించాడు. పోతే ఒక మహా సామ్రాజ్యం కూలుతుందని జవాబు. సంబరంగా హాలిస్ నది దాటాడు. కూలింది ఆయనదే. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిన కథే. కానీ మామయ్య క్లాసులో పీరియడ్ బెల్లు కొట్టినా క్రీసస్ నదికి ఇవతలే ఉండేవాడు.

ఆ రోజూ అంతే. క్రీసస్ ఒడ్డుకు చేరేలోపు ట్యాంకు పొంగి, మేడమెట్ల మీదుగా నీళ్లు వసారాలోకి దిగాయి. మోటారు ఆపుదామని పరుగెత్తిన మామయ్య మూడో అడుగులో దబ్బున కూలబడ్డాడు.

"చెప్పలా నేను?" అంది తడి చీరతో వచ్చిన అత్తయ్య.

"గండమంటే ఏట్లోనో సముద్రంలోనో. బోరు నీళ్లు లెక్కలోకి రావు" అన్నాడు మామయ్య, నడుం పట్టుకుని.

ఎముకేమీ విరగలేదు. ఎక్స్‌రే తీసే కుర్రాడు మాత్రం ఊరుకోకుండా "ఎట్టా పడ్డారు సార్?" అనడిగాడు. మామయ్య నోరు మెదపలేదు. పెళ్లయినప్పటి నుంచీ ఆ కథ వింటున్న అత్తయ్యే జవాబు చెప్పింది.

"హాలిస్ నది దాటబోయి నాయనా."