నాన్నకూ ఓ పట్టా

ఎంబీబీఎస్ చదవడానికి నాలుగున్నరేళ్లు పడుతుంది. ఆ పైన ఇంటర్న్‌షిప్పు ఒక ఏడాది. అంతా అయ్యాక చదివినవాళ్లకు పట్టా ఇస్తారు. బాగానే ఉంది. కానీ ఆ చదువుకు దరఖాస్తు పెట్టినవాళ్లకు ఈ దేశంలో ఇంతవరకూ ఏ పట్టా లేదు. ఈ లోటు తీర్చమని జాతీయ వైద్య కమిషన్ వారిని వేడుకోవడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

2024లో మా అమ్మాయి ఎంబీబీఎస్ సీటు కోసం నీట్ పరీక్ష రాసింది. రాసింది అమ్మాయే, అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. అయితే ఆ ఫిబ్రవరి మొదలు దసరా దాటేదాకా నేను నేర్చుకున్న వైద్యశాస్త్రం కూడా తక్కువదేం కాదు. సబ్జెక్టులవారీగా మనవి చేసుకుంటాను. మార్కులు తమరే వేయండి.

మొదట అనాటమీ. దరఖాస్తులో పెట్టే ఫోటోకు వెనక తెల్లగా ఉండాలి, మొహం ఎనభై శాతం కనిపించాలి, చెవులు రెండూ కనిపించాలి. పదిహేడేళ్లుగా మా పిల్ల చెప్పిన మాట వినదని బాధపడ్డానే తప్ప, దానికి చెవులు ఉన్నాయని రుజువు చూపించాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు. పాస్‌పోర్టు సైజుతో పాటు పోస్టుకార్డు సైజు ఫోటో కూడా కావాలన్నారు. పోస్టుకార్డును కళ్లారా చూసినవాళ్లం మా ఇంట్లో ఇద్దరమే, మా అమ్మా నేనూ. తర్వాత రెండు చేతుల వేలిముద్రలు. స్టాంపు ప్యాడు తెచ్చి, తెల్ల కాగితం మీద పది వేళ్లూ ఒక్కొక్కటే అద్దిస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "ఏం చేసిందండీ అది?" అంది.

ఆ ముద్రలను స్కాన్ చేసి, చెప్పిన కేబీల లోపే ఎక్కించాలి. కాస్త ఎక్కువైతే పుచ్చుకోదు, బాగా తగ్గిస్తే మసకబారిందంటుంది. మనిషి బరువు తగ్గించడం డాక్టర్లకు ఎంత కష్టమో నాకు తెలియదు. ఫోటో బరువు తగ్గించడంలో మాత్రం ఖమ్మం మొత్తానికి నేనే స్పెషలిస్టును. మా వీధిలో ముగ్గురు పిల్లల వేళ్లు నా చేతి మీదుగానే సన్నబడ్డాయి.

పరీక్ష మే 5న. మధ్యాహ్నం రెండింటికి మొదలు, ఒంటిగంటన్నరకే గేటు మూత. ఖమ్మంలో మే నెల మిట్టమధ్యాహ్నం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా లాభం లేదు. పొట్టి చేతుల చొక్కాలే వేసుకోవాలి, బూట్లు కూడదు, కమ్మలూ ముక్కుపుడకా తీసేయాలి. ఫోటోలో చెవులు ఎందుకు చూడాలనుకున్నారో అప్పుడర్థమైంది. గేటు బయట తల్లుల కొంగుల్లో గొలుసులు, కమ్మలు, పట్టీలు. తాకట్టు కొట్టు వీధిలోకి వచ్చినట్టుంది. పాపం ఒక కుర్రాడు బూట్లతో వచ్చి ఏడుపు మొహం పెట్టాడు. వాడికి నా హవాయి చెప్పులు ఇచ్చేసి, సాయంత్రం ఐదూ ఇరవైకి గంట కొట్టేదాకా వేపచెట్టు నీడతో పాటు జరుగుతూ వట్టి కాళ్లతో నిలబడ్డాను. దీన్ని ఇంటర్న్‌షిప్పు కింద జమ కట్టాలని కోరుతున్నాను. స్టైపెండ్ అక్కర్లేదు, ఆ చెప్పులు తిరిగొస్తే చాలు.

ఇక కమ్యూనిటీ మెడిసిన్. కమ్యూనిటీ సర్టిఫికెట్ సంపాదించే శాస్త్రానికి ఈ పేరు పెట్టారనే నేను చాలాకాలం నమ్మాను. మాది రాష్ట్రం లెక్కలో బీసీ-డి, కేంద్రం లెక్కలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్, అంటే ఆదాయం హద్దు దాటని ఓబీసీ. కులం ఒకటే, కాగితాలు రెండు. ఆ ఏడాది దరఖాస్తు రుసుము జనరల్ వాళ్లకు 1,700, ఓబీసీలకు 1,600. ఆ వంద మిగుల్చుకోవడానికి మీసేవకూ తహసీల్దారు ఆఫీసుకూ తిరిగిన ఆటోలకు నాలుగు వందలు పెట్టాను. రెండేళ్ల కిందటి సర్టిఫికెట్ చూపిస్తే చెల్లదన్నారు. "సార్, అప్పుడూ మాది ఇదే కులం" అన్నాను వినయంగా. "మారేది కులం కాదన్నా, ఆదాయం" అని ఆ ఉద్యోగి ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. నా ఆదాయం మారే వీలుందని ఒక ప్రభుత్వ ఉద్యోగి నోట వినడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే నవ్వింది.

ఫలితాలు జూన్ 14న అన్నారు, పది రోజులు ముందే, జూన్ 4న వచ్చాయి. ఆ రోజే లోక్‌సభ ఎన్నికల ఫలితాలు కూడా. దేశంలో ఒకే ఇంట్లో రెండు రకాల ఉత్కంఠ వద్దని కాబోలు, టీవీ వాళ్లు మా సంగతి పట్టించుకోలేదు. నీట్‌లో 720కి 720 తెచ్చుకున్నవాళ్లు 67 మంది. అందరూ ఫస్టే. 718, 719 వచ్చినవాళ్లు కూడా తేలారు. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. ఒక ప్రశ్న వదిలేస్తే 716, తప్పు రాస్తే 715. మధ్యలో 718 ఎక్కడి నుంచి ఊడిపడిందని లెక్కల మాస్టార్లు తల పట్టుకున్నారు. 1,563 మందికి కలిపిన గ్రేస్ మార్కులని తర్వాత తెలిసింది. చివరికి ఆ గ్రేసు తీసేసి వాళ్లకు జూన్ 23న మళ్లీ పరీక్ష పెట్టారు.

ఫిజిక్స్‌లో ఒక ప్రశ్న గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. మూలకాల పరమాణువులు స్థిరమైనవా కావా అన్నదే ఆ ప్రశ్న సారం. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చదివినవాళ్లకు ఒక జవాబు, కొత్తది చదివినవాళ్లకు ఇంకొకటి. మొదట రెండూ రైటే అన్నారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఐఐటీ ఢిల్లీ నుంచి ముగ్గురు నిపుణులు కూర్చుని, రైటు ఒకటేనని తేల్చారు. మా అమ్మాయి తన బావ వాడిన పాత పుస్తకం చదివింది. వచ్చిన నాలుగూ పోయి, పైన ఇంకొకటి పోయి, మొత్తం ఐదు మార్కులకు ర్యాంకు వేలల్లో వెనక్కి నడిచింది. ఫస్టు వచ్చినవాళ్లు మళ్లీ పెట్టిన పరీక్షతో 67 నుంచి 61కి, ఈ ప్రశ్నతో 17కి తగ్గారు. పరమాణువే స్థిరంగా లేనప్పుడు ర్యాంకు ఎలా ఉంటుందమ్మా అని ఓదార్చాను. ఇది ఫిజిక్సో సైకియాట్రీయో తమరే నిర్ణయించండి.

అసలు నేను డిస్టింక్షన్ ఆశిస్తున్నది ఫోరెన్సిక్ మెడిసిన్‌లో. మనిషి ఎవరు, ఎక్కడివాడు అని ఆనవాళ్లు పట్టుకుని తేల్చడమే కదా ఆ శాస్త్రం. మా అమ్మాయి ఖమ్మంలో పుట్టింది. పదో తరగతి దాకా ఖమ్మంలోనే చదివింది. దాని రేషన్ కార్డూ ఆధారూ నానమ్మా అన్నీ ఖమ్మంలోనే ఉన్నాయి. ఇంటర్ రెండేళ్లు మాత్రం బెజవాడ హాస్టల్లో చదివింది. మాకు హైదరాబాద్ కంటే బెజవాడ దగ్గర. పొద్దున కారియర్ కట్టుకుని బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి పిల్ల ముందుంటాం. ఈ చుట్టుపక్కల నూటికి ఎన్ని ఇళ్లలో పిల్లలు అలా కృష్ణ ఒడ్డున చదివారో లెక్క ఎవరూ తీయలేదు గానీ, ఆదివారం సాయంత్రం ఖమ్మం బస్టాండులో నిలబడితే తెలిసిపోతుంది.

2024 జూలై 19న తెలంగాణ ప్రభుత్వం 33వ నంబరు జీవో ఇచ్చింది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివితేనే ఇక్కడి మెడికల్ సీట్లకు లోకల్. మా పిల్ల రెండేళ్లు ఉత్తీర్ణురాలైంది, రెండేళ్లు తప్పింది. అటు ఆంధ్రలో చదివింది రెండేళ్లే కాబట్టి అక్కడా లోకల్ కాదు. నాగార్జునసాగర్ నీళ్లకైనా ఇంత వాటా ఇటు, ఇంత వాటా అటు అని పంచుతారు. మా అమ్మాయి రెండు వైపులా వాటా లేకుండా మిగిలింది. రోజూ రాత్రి అన్నం తినేటప్పుడు మా అమ్మ దాని వంక చూసి, "ఇది మన పిల్లేనా?" అని అడగడం మొదలుపెట్టింది. ముసలావిడ, మతిమరుపు అనుకునేవాణ్ని. వార్తలు చూస్తోందని తర్వాత తెలిసింది.

హైకోర్టు సెప్టెంబరులో, ఇక్కడి శాశ్వత నివాసులను ఆ నిబంధన పేరు చెప్పి కాదనడం కుదరదంది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు గడప తొక్కిన 135 మందికి ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు ఇస్తామంది. మేము ఆ 135లో లేం. ఆ రోజుల్లో నేను కేబీలు తగ్గిస్తూ ఉన్నాను. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నిబంధన సరైనదేనని తేల్చేసింది. న్యాయం గురించి నాకు చెప్పుకోదగ్గ జ్ఞానం లేదు. కారియర్ కట్టుకుని మధ్యాహ్నానికి చేరే దూరం చట్టం దృష్టిలో ఎంత పొడుగో మాత్రం తెలిసింది.

2024 సెప్టెంబరులోనే జెనెటిక్స్ నేర్పడానికి ఒక కన్సల్టెన్సీ కుర్రాడు ఫోన్ చేశాడు. "అంకుల్, కన్వీనర్ కోటా పోతే పోయింది. అమెరికాలో మీవాళ్లెవరన్నా ఉన్నారా?" అప్పట్లో ప్రైవేటు కాలేజీలో 'ఎ' కేటగిరీ, అంటే కన్వీనర్ కోటా సీటుకు ఏడాదికి 60 వేలు. బీ కేటగిరీకి, అంటే యాజమాన్య కోటాకు, పదకొండు లక్షలు దాటేది. సీ కేటగిరీ, అంటే ఎన్ఆర్ఐ కోటా, దానికి రెట్టింపు దాకా పోయేది. మా తోడల్లుడి తమ్ముడు డాలస్‌లో ఉంటాడన్నాను. "రక్తసంబంధమేనా అంకుల్?" అన్నాడు. రక్తం మాట దేవుడెరుగు, పెళ్లిలో నాకు కాఫీ ఇచ్చాడు అన్నాను. పంజాబ్ ప్రభుత్వం ఎన్ఆర్ఐ కోటాను మేనమామలకూ పిన్నులకూ తాతలకూ కజిన్లకూ విస్తరిస్తే, సరిగ్గా ఆ నెలలోనే సుప్రీంకోర్టు చీవాట్లు పెట్టి వెనక్కి పంపింది. వార్త చదివి డాలస్ ఆయన మా తోడల్లుడికి ఫోన్ చేసి, హమ్మయ్య అన్నాడట.

చివరి సబ్జెక్టు ఆలిండియా కోటా ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీలను వరసగా పెట్టడం. దేశంలోని ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతం ఆ కోటాకు. ఓటీపీ నా ఫోనుకొస్తుంది, పాస్‌వర్డు మా ఆవిడ పాల లెక్కల పుస్తకంలో ఉంటుంది, రాత్రి పదకొండున్నరకు కరెంటు పోతుంది. లాక్ నొక్కే ముందు నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పెళ్లి ముహూర్తానికి కూడా మేమింత నిశ్శబ్దంగా కూర్చోలేదు.

మూడో రౌండులో ఒడిశాలో ఒక ప్రభుత్వ కాలేజీ వచ్చింది. ఆ 15 శాతంలో, ఇంటర్ ఎక్కడ చదివావు, మీదే ఊరు అని ఎవరూ అడగరు. అంటే మా అమ్మాయి భారతదేశం మొత్తానికి లోకల్, ఖమ్మానికి మాత్రం నాన్ లోకల్. ఇప్పుడు ఒడియా నేర్చుకుంటోంది. కడుపు నొప్పిని ఆ భాషలో ఏమంటారో ఫోనులో చెబుతుంది, నానమ్మ తిరిగి అంటుంది. జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చిన రాష్ట్రంలో, ప్రభుత్వ కాలేజీ ఉన్న ఊళ్లో, మా ఇంట్లో కడుపు నొప్పి ఒడియాలో వస్తోంది.

కాబట్టి అయ్యలారా, తండ్రులకు పట్టా విషయం. కటాఫ్ గురించి పేచీ పెట్టం. 2023లో నీట్ పీజీకి అర్హతను సున్నా పర్సంటైల్ చేశారు కదా, మాకూ అదే ఇప్పించండి. నా దరఖాస్తు సిద్ధంగా ఉంది. ఫోటోలో చెవులు రెండూ స్పష్టంగా ఉన్నాయి, వేళ్లు పదీ కేబీల లోపే ఉన్నాయి, ఓబీసీ సర్టిఫికెట్ ఈ ఏడాదిదే. ఒక్క గడి దగ్గరే ఆగిపోయాను. అభ్యర్థి తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివాడు అని ఉంది.

నేనూ ఇంటర్ బెజవాడలోనే చదివాను. అప్పుడు రాష్ట్రం ఒకటే. ఈ సంగతి మా అమ్మకింకా గుర్తు రాలేదు.