ఫారంలో లేని జిల్లా

మొన్న ఆక్లాండ్‌లో మన తెలుగు సంఘం ఉగాదికి రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చున్నది నేనే కాబట్టి ముందు నా తప్పు చెప్పుకుంటాను.

డెబ్బై దాటిన పెద్దావిడ వచ్చింది. "మీది ఏ జిల్లా అమ్మా?" అన్నాను. "లంబాసా" అంది. మన డ్రాప్‌డౌన్‌లో శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అన్నీ ఉన్నాయి, లంబాసా ఎక్కణ్ణుంచి వస్తుంది! ఫిజీ అని అర్థమయ్యాక "అదర్స్" నొక్కి, చేతికి గెస్ట్ బ్యాండ్ చుట్టి, పది డాలర్లు అదనంగా తీసుకున్నాను. వాళ్ల తాత మద్రాసులో ఓడ ఎక్కాడని చెబుతూనే డబ్బులిచ్చింది. నా పక్కనున్న కుర్రాడు ఊరుకోక "మీరేవిట్లు ఆంటీ?" అని కులం అడిగాడు. ఆవిడకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "మేం సంగమోళ్లం బాబూ" అంది. సంగం అంటే ఫిజీలో దక్షిణాది వాళ్ల సంఘం. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను.

మా నాయనమ్మ కూడా మంచినీళ్లు ఇచ్చే ముందు ఆ మాటే అడిగేది. వచ్చినవాళ్లకి గ్లాసా, దోసిలా అన్నది ఆ జవాబును బట్టి తేలేది. ఆవిడ చేతి ఉగాది పచ్చడి తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది, ఏం చేయను, రెండూ ఆవిడవే.

మద్రాసు నుంచి ఫిజీకి ఒప్పంద కూలీలను తీసుకెళ్లే ఓడలు 1903లో మొదలయ్యాయి. 1916లో ఆగేసరికి కలకత్తా నుంచి వెళ్లినవాళ్లతో కలిపి అరవై వేల పైచిలుకు మంది. అగ్రిమెంటు అన్న మాట వాళ్ల నోట్లో నలిగి గిర్మిట్ అయింది. చెరకు తోటల్లో పది అడుగులకు ఏడు అడుగుల గది, అందులో ముగ్గురు మగవాళ్లు. ఓడలోనే అందరూ ఒకే బంతిలో తినాల్సి రావడంతో కులం పట్టింపు చాలావరకు సడలిపోయింది. అయితే అక్కడ దొరలు జాతిని బట్టి లెక్క రాశారు. 1929లో ఇండియన్లకు ఓటిచ్చారు, అదీ వేరే జాబితాలో. గెలిచిన ముగ్గురూ అందరికీ ఒకే జాబితా కావాలని సభలో అడిగి, ఓడిపోయి, బయటికొచ్చేశారు. 1970లో స్వాతంత్ర్యం వచ్చినా జాతి జాబితాలు పోలేదు. 2013 రాజ్యాంగంతో గానీ ఆ పీడ వదల్లేదు, అంటే వాళ్లు అడిగింది మనవళ్ల తరం దాటాక దొరికిందన్నమాట.

డ్రాప్‌డౌన్‌ని దొరల పాలనతో పోల్చడం టూ మచ్ అని మా ఆవిడే అంది. కావచ్చు. మెంబర్లు కానివాళ్లకి గెస్ట్ రేటు మామూలేనని, వాళ్లకి వాళ్ల సంగం ఉందిగా అని కమిటీ అంటుంది. అదీ నిజమే, మనం గేటు మూయలేదు. కానీ ఆ ఫారంలో ఆవిడ తన ఊరు రాసుకునే చోటే లేదు కదండీ.

వచ్చే జనరల్ బాడీలో నేను అడగబోయేది చిన్నదే. జిల్లా కాలమ్ తీసేసి "మీ ఊరు" అని ఖాళీ గడి పెట్టండి, లంబాసా అయినా లక్కవరం అయినా వాళ్లే రాసుకుంటారు. టేబుల్ దగ్గర "మీరేవిట్లు" అడిగినవాణ్ణి, నాతో సహా, మరుసటి ఏడాది వంటింట్లో గిన్నెలు తోమడానికి పంపండి. ఆ పది డాలర్లు కవర్లో పెట్టి ఉంచాను. గెస్టుల ఫోన్ నంబర్ మనం రాసుకోం కాబట్టి, ఆవిడ ఎవరికైనా తెలిస్తే దయచేసి నాకు చెప్పండి.