ఏడబ్ల్యూడీ ఉంటే వింటర్ టైర్లు అక్కర్లేదు అన్నది తప్పండి

ఆల్ వీల్ డ్రైవ్ (ఏడబ్ల్యూడీ, అంటే ఇంజన్ పవర్ నాలుగు చక్రాలకీ వెళ్ళేది) ఉన్న బండికి, ఏడాది పొడుగునా వాడే ఆల్ సీజన్ టైర్లతోనే చలికాలం గడిచిపోతుందని ఒకరు రాశారు, కెనడాకి కొత్తగా వచ్చిన మన పిల్లలెవరూ దయచేసి అది నమ్మి బండి తీయకండి. ఇప్పుడు మాంట్రియల్‌లో ఉంటున్నాం గానీ మొదటి ఏడాది ఒంటారియోలో నేనూ అలాగే అనుకున్నా. ఏడబ్ల్యూడీ ఎస్‌యూవీ, మంచులో సిగ్నల్ దగ్గర అందరికంటే ముందు కదిలేది, దాంతో ధైర్యం వచ్చేసింది. ఒకరోజు పొద్దున్నే స్టాప్ సైన్ దగ్గర బ్రేక్ తొక్కితే పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటోంది, ఏబీఎస్ అన్నమాట (చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకుని వదులుతూ పట్టుతూ ఉండే ఏర్పాటు), బండి మాత్రం జారుకుంటూ పోయి పక్కనున్న మంచు కుప్పలో దిగబడితే గానీ ఆగలేదు, వెనక సీట్లో మా పాప ఉంది. ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి కదా, ఏడబ్ల్యూడీ ఇంజన్ పవర్‌ని నాలుగింటికీ పంచుతుంది అంతే, ఆగడానికీ మలుపు తిరగడానికీ కావాల్సిన పట్టు టైర్‌దే. చలి 7 డిగ్రీల కంటే దిగితే మామూలు రబ్బరు గట్టిపడిపోతూ ఉంటుంది, వింటర్ టైర్ మెత్తగానే ఉంటుంది, పైగా దాని మీదున్న సన్నసన్న చీలికలు మంచుని పట్టుకుంటాయి. కొనేటప్పుడు టైర్ పక్కన కొండ బొమ్మలో మంచురేకు గుర్తు ఉందో లేదో చూడండి, ఉత్త ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అని ఉంటే చాలదు. నాలుగూ మార్చండి, ముందు రెండే వేస్తే వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. మా మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలో అయితే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి, ఏడబ్ల్యూడీ ఉన్నా సరే.